ఆట వైపు వీపు

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి సుకుమారి ఆ గదిలో అడుగు పెట్టేటప్పటికి, లింబాద్రి సంతకం పెట్టడానికి పెన్ను అడుగుతున్నాడు.

స్టేడియం మెట్ల కింద కిటికీ లేని గది. బల్ల మీద అరబ్బీలో టైపు చేసిన రెండు కాగితాలు. వాటి వెనక సెక్యూరిటీ మేనేజరు విన్సెంట్, పెన్ను మూత తీసి పట్టుకుని పెళ్ళి రిజిస్టరు ముందు కూర్చున్న పాస్టరంత శ్రద్ధగా ఉన్నాడు. ఎదురుగా లింబాద్రి. నిన్నటి మ్యాచ్‌కి ఇచ్చిన ఎర్ర టీషర్టు ఇంకా ఒంటి మీదే ఉంది.

సుకుమారి చెయ్యి చాపి ఆ పెన్ను తీసుకుని తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

"ఇది పోలీసులకిచ్చే కాగితమండీ," అన్నాడు విన్సెంట్. "బీమా వాళ్ళకి ఇందులో ఏం పని?"

"కాలింది మేం బీమా ఇచ్చిన గది. ఎలా కాలిందో తేల్చమని నన్ను పంపారు. పోలీసు బండి వచ్చేది నాలుగింటికని మీరే చెప్పారు కదా. అప్పటిదాకా ఇతను నాకూ సాక్షే."

విన్సెంట్‌ది అవనిగడ్డ, సుకుమారిది రాజోలు. దోహాలో ఒకే చర్చికి వెళతారు, క్రిస్మస్‌కి కేకు ముక్కలు ఇచ్చిపుచ్చుకుంటారు. అయినా గత మూడేళ్ళలో ఆమె రాసిన రెండు రిపోర్టుల వల్ల అతనికి ప్రమోషను తప్పిపోయింది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తలేదు, ఎన్నడూ మరిచిపోలేదు.

జరిగింది చెప్పుకోవడానికి నాలుగు ముక్కలే. అమెరికా నుంచి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు టోర్నమెంటు ఆడటానికి వచ్చింది. దాని వెంట వచ్చిన అభిమానులు మూడొందల మంది. గోల్‌పోస్టు వెనక స్టాండులో సీట్లు రెండు వేలు. అమెరికా స్టేడియాల్లో ఆ స్టాండు తొంభై నిమిషాలూ కూర్చోదట, నిలబడి పాడుతుందట, డ్రమ్ములు ఆగవట, మెట్ల మీద ఇంతేసి బ్యానరు లేస్తుందట. ఆ హంగామా ఇక్కడా కనబడాలని ఉమ్ సలాల్ క్యాంపు నుంచి కూలీలను బస్సుల్లో తెచ్చి, టీషర్టూ స్కార్ఫూ తిండి పొట్లం ఇచ్చి నిలబెట్టారు. రెండు వారాలు పాటలు నేర్పారు. వాళ్ళలో డప్పు వాయించినవాడు లింబాద్రి. నిన్న సాయంత్రం ఏడూ నలభై తొమ్మిదికి, ఆ స్టాండు కింద బ్యానరు దాచే గదిలో మంటలంటూ అలారం మోగింది. గదికి కాపలా ఉన్న నిసార్ అహ్మద్ ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు.

"నువ్వేం చేశావు, తమ్ముడూ?" అంది సుకుమారి.

"నేనే అంటువెట్టిన, మేడం," అన్నాడు లింబాద్రి తడుముకోకుండా. "హాఫ్ టైంల డప్పు కాసుకునేటందుకు పేపర్లు అంటువెట్టిన. నిప్పురవ్వ ఎగిరి బ్యానర్ల వడ్డది."

"ఏ పేపర్లు?"

"పేపర్లే, మేడం."

"ఎక్కడివి?"

అతను విన్సెంట్ మొహం చూశాడు. సుకుమారి ఆ చూపును పట్టుకుంది.

"విన్సెంట్ గారూ, ఐదు నిమిషాలు బయట నిలబడతారా?"

"నిలబడను," అన్నాడు విన్సెంట్. "కెమెరాలో ఉన్నాడండీ వీడు. ఏడూ ఇరవైకి ఆ గది వైపు వెళ్ళాడు, ఏడూ ఇరవై ఏడుకి తిరిగొచ్చాడు. జేబులో లైటరు దొరికింది. ఇంకెవరూ ఆ కారిడార్‌లోకి వెళ్ళలేదు. ఒప్పుకుంటున్న మనిషి చేత కాదనిపించడం మీకు సరదా ఏమో గాని నాకు డ్యూటీ ఉంది."

బల్ల చివర లింబాద్రి ఫోను మూగగా వెలిగింది. తెర మీద గంగాబాయి అనే పేరు. కింద ముప్పై ఒక్క మిస్డ్ కాల్స్.

"ఇంటామె," అన్నాడు లింబాద్రి. "దుబాయ్ల అగ్గి అంటుకున్నదని ఎవ్వలో చెప్పిండ్రట. ఆమెకు ఇది ఖతర్ అని నేను ఎన్నిపార్లు చెప్పినా ఎక్కది." నవ్వబోయి ఆగిపోయాడు. "మేడం, ఆ పెన్ను ఇయ్యుర్రి. సంతకం వెడ్తే నన్ను దవఖానకు తోల్కవోతా అన్నడు సారు. నిసార్ భాయ్‌ని ఒక్కపారి సూస్త. నాకు జరమొచ్చినప్పుడు పదకొండు రోజులు కడిగి తుడిచిండు ఆయన. ఆయనకిక్కడ ఎవ్వలు లేరు. నన్ను జైల్ల వేసుకోర్రి, ఇంటికి తోలుర్రి, ఏమన్న చేయిర్రి. ఆయన పానం వొయ్యేలోపు సూడనియ్యిర్రి."

సుకుమారి కాగితాల కింద ఉన్న ఇంగ్లీషు నకలు లాగి చదివింది. అందులో పొరపాటు అనే మాట లేదు. పాత తగాదా మనసులో పెట్టుకుని నిప్పు పెట్టాడనీ, లోపలి మనిషి బయటికి రాకుండా, గది పైన స్టాండులోకి తెరుచుకునే మూతకు గడియ వేశాడనీ ఉంది. నిసార్ పోతే ఈ కాగితం మీద ఈ మనిషి బతికి బయటపడడు. తను దేనికి పెన్ను అడుగుతున్నాడో అతనికి తెలియదు.

"ఇది ఇతనికి చదివి వినిపించారా?" అంది.

విన్సెంట్ వాచీ చూసుకున్నాడు. "రెండయింది," అన్నాడు.

గది మూలన బీరువా మీద, పారదర్శకపు సంచిలో, డప్పు ఉంది. సాక్ష్యమని చీటీ కట్టారు. సుకుమారి దాన్ని దించి, సంచి మీంచే గోటితో మీటింది. తోలు ఇచ్చే బరువైన శబ్దం కాదు, టంగుమని సన్నగా మోగింది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అటువైపున్న విన్సెంట్ చొక్కా గుండీలు మసకగా కనిపించాయి.

"తమ్ముడూ, ఇది తోలు డప్పేనా?"

"కాదు మేడం. ప్లాస్టిక్‌ది. నా తోలు డప్పు క్యాంపులనే ఉన్నది. గీ ఏసీ గాలికి తోలు గంటల సల్లవడి మెత్తగయితది, ఇక్కడ నిప్పు వెట్టనియ్యరు. గందుకే మాకు పాటలు నేర్పిన జోయెల్ సార్ ఇది తెప్పిచ్చిండు. దీన్ని కాసుడు ఉండది."

చెప్పాక గాని తను ఏం చెప్పాడో అతనికి తట్టలేదు. తట్టగానే తల దించుకున్నాడు.

సుకుమారి డప్పును బల్ల మీద, సరిగ్గా ఆ కాగితాల మీద పెట్టింది. "కాచమంటారా దీన్ని, విన్సెంట్ గారూ? లైటరు మీ దగ్గరే ఉందిగా. ముడుచుకుపోతుంది. డప్పంటే కాచాలని మీకు తెలుసు, మీ ఊళ్ళో చూశారు కాబట్టి. ఈ కాగితం ఏ ఫిలిప్పీనో ఆఫీసరో రాసుంటే ఇంత కథ తట్టేదే కాదు. తెలుగువాడు కాబట్టి అల్లగలిగారు, డప్పు వంక ఒక్కసారి చూడకుండా."

విన్సెంట్ చెవులు ఎర్రబడ్డాయి. "డప్పు కాచకపోతే బీడీ కాల్చి ఉంటాడు. కెమెరాలో ఉన్నది వీడొక్కడే. అది మారదు."

"ఏడూ ఇరవైకి ఎందుకెళ్ళావు, తమ్ముడూ? నిజం చెప్పు."

"నా తిండి పొట్లంల సగం ఇచ్చి వచ్చిన," అన్నాడు లింబాద్రి నేల చూస్తూ. "గది కాపలోల్లకు పొట్లం ఇయ్యలే."

*

రెండూ పదిహేనుకి సుకుమారి కాలిన గది తెరిపించుకుంది. విన్సెంట్ గుమ్మం దాటకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

గది పొడుగ్గా, రైలు పెట్టెలా ఉంది. కారిడార్ వైపు ఒక తలుపు. రెండో చివర గోడకు ఇనుప నిచ్చెన, దాని పైన స్టాండులోకి తెరుచుకునే చదరపు మూత. బ్యానరు తాళ్ళు ఆ మూతలోంచే పైకి వెళతాయి. చాపలా చుట్టి పెట్టిన గుడ్డ బ్యానరు సగం బూడిదైంది. మిగతా సగంలో తెల్లటి గుడ్డ మీద నల్ల గద్ద రెక్క ఒకటి మిగిలింది.

తలుపు దగ్గర బూడిద లేదు. పేపరు మసీ లేదు. మంట పుట్టింది తలుపు దగ్గర కాదు, నిచ్చెనకు నాలుగడుగుల దూరంలో, చుట్ట లోపల. గుడ్డ లోపలి పొరలు పై పొరల కంటే ఎక్కువ కాలిపోయాయి. సుకుమారి తల ఎత్తి చూసింది. సరిగ్గా దాని పైన, నల్లటి మసి మధ్య, సిమెంటు కప్పు మీద ఒక ఎర్రటి మరక. చేతిరుమాలుతో రాస్తే పొడిగా ఊడివచ్చింది, కుంకుమ లాగా.

"బ్యానరు రంగు," అన్నాడు విన్సెంట్ గుమ్మంలోంచి.

"బ్యానరులో ఉన్నది నలుపూ తెలుపూ."

ఆమె రుమాలు అతని వైపు చాపింది.

"రంగు పొగ డబ్బా కదండీ ఇది? రింగు లాగితే ఎర్రగా పొగ చిమ్మేది. అమెరికాలో గోల్ పడగానే స్టాండులో అవే వదులుతారట, రాత్రి వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఇక్కడ వాటికి అనుమతి లేదు. లోపలికి వచ్చే ప్రతి సంచీ మీ వాళ్ళు వెతికారని మీరు సంతకం పెట్టారు. బ్యానరు చుట్ట మాత్రం విప్పి చూడలేదు."

"మీకు నా ఉద్యోగం మీద కన్నుందండీ," అన్నాడు విన్సెంట్. గొంతు పెద్దదైంది. "ముందూ అంతే. ఇప్పుడూ అంతే. నా ఇద్దరు పిల్లలు ఇక్కడి స్కూల్లో ఉన్నారు. ఒక్క డబ్బా లోపలికొచ్చిందని తేలితే నన్ను రేపే విమానమెక్కిస్తారు."

"అందుకని ఇతన్ని ఎక్కిస్తారా? ఇతన్ని ఎక్కించేది విమానం కూడా కాదు."

ఆమె నిచ్చెన ఎక్కింది. ఆరో మెట్టు మీద ఆగిపోయింది. మూతకు లోపలివైపు మసి మీద చేతి గుర్తులున్నాయి. ఒకటి కాదు, పదీ పన్నెండు. కొన్ని అరచేతులు, కొన్ని పిడికిళ్ళు. నిసార్ దొరికింది ఈ నిచ్చెన కిందే. మంట తలుపుకు అడ్డంగా లేస్తే అతను ఇటు పరిగెత్తాడు. పైకి ఎక్కి ఈ ఇనుప రేకును బాదాడు. పైన రెండు వేల మంది పాడుతుంటే ఎవరికి వినబడుతుంది?

సుకుమారి నిచ్చెన పట్టుకుని కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచాక భుజంతో మూతను నెట్టింది. కదల్లేదు.

"గడియ పైనుంచి," అంది. "కారిడార్‌లో తిరిగే మనిషి దీన్ని వెయ్యలేడు. పైన ఈ మూత పక్కనే ఉండేదెవరు?"

విన్సెంట్ తల ఎత్తి ఆ మూత వంక చూశాడు. "కాపో," అన్నాడు.

*

అభిమానుల గుంపును ముందుండి పాడించేవాణ్ణి కాపో అంటారు. ఈ స్టాండుకు కాపో జోయెల్. గుడివాడ మనిషి, ఆరేళ్ళు టెక్సస్‌లో ఉద్యోగం చేస్తూ ప్రతి శనివారం స్టేడియంలో గొంతు పోగొట్టుకున్నవాడు. ఇక్కడి ఈవెంట్ కంపెనీ అతన్ని అందుకే పిలిపించుకుంది. రెండూ నలభైకి సుకుమారి పైకి వెళ్ళేసరికి అతను రెయిలింగుకు కట్టిన చిన్న ఇనుప వేదిక మీద తాళ్ళు విప్పుతున్నాడు. మెడలో ఎర్ర స్కార్ఫు. వేదికకు రెండడుగుల దూరంలో నేలలో ఆ మూత, దాని మీద వేసిన గడియ.

"నిసార్‌కి ఎలా ఉందండీ?" అని అతనే ముందడిగాడు. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఏడ్చినవాడిలాగే ఉన్నాడు.

"తెలివి రాలేదు. నిన్న రెండో సగంలో మీరెక్కడున్నారు?"

"ఇక్కడే. ఏడూ ముప్పై రెండుకి ఎక్కాను, అలారం మోగేదాకా దిగలేదు. రెండు వేల మంది సాక్షులండీ. గోల్ పడినప్పుడు కూడా ఇక్కడే. ఏడూ నలభై ఒకటి అయ్యుంటుంది. కుడి మూల నుంచి బంతి వచ్చింది, మావాడు ఎగిరి తలతో కొట్టాడు, గోల్‌కీపరు వేళ్ళకు తగిలి మరీ లోపలికి పోయింది. ఈ కళ్ళతో చూశాను. అంత గోల్ నేను టెక్సస్‌లో కూడా చూడలేదు."

"ఈ గడియ ఎవరు వేశారు?"

"ఎప్పుడూ వేసే ఉంటుందండీ. ఎవరైనా కాలు జారి పడతారని." అతను తాడు చుట్ట కింద పెట్టాడు. "వెస్ట్ బేలో మీటింగుంది. వెళ్ళనా?"

ఆమె దగ్గర అతన్ని ఆపడానికి ఏమీ లేదు. గోల్ వివరం సరిపోయింది. టైము సరిపోయింది. సాక్షులు రెండు వేల మంది. అతను మెట్లు దిగి వెళ్ళిపోతుంటే సుకుమారి ఖాళీ కుర్చీల మధ్య నిలబడి, మొదటిసారి, తను ఓడిపోతున్నానని ఒప్పుకుంది. ఇంకో గంటా పది నిమిషాల్లో బండి వస్తుంది. రాజోలులో వాళ్ళమ్మ ప్రతి ఆదివారం ఫోనులో, ఎవరికీ అన్యాయం చెయ్యకమ్మా అంటుంది. చెయ్యకపోవడం వేరు, ఆపడం వేరు. ఆ రెండోది చేతకావడం లేదని ఆమెకు ఏడుపొచ్చింది. ఏడ్చే టైము లేదు.

మూడున్నర దాకా ఆమె కారిడార్ కెమెరా బొమ్మలన్నీ తిప్పి తిప్పి చూసింది. విన్సెంట్ చెప్పినట్టే, లింబాద్రి తప్ప ఎవరూ లేరు.

*

మూడూ ముప్పై రెండుకి మళ్ళీ ఆ కిటికీ లేని గది. లింబాద్రి అలాగే కూర్చున్నాడు. ఎవరో ఇచ్చిన బిర్యానీ పొట్లం ముట్టలేదు. విన్సెంట్ ఇంకో పెన్ను తెచ్చుకున్నాడు గాని బల్ల మీద పెట్టలేదు. డప్పు ఇంకా ఆ కాగితాల మీదే ఉంది.

సుకుమారి ఫోను తీసింది. నిన్న అమెరికా అమ్మాయి ఒకతె, డప్పు మోతకు ముచ్చటపడి లింబాద్రి మీదే కెమెరా పెట్టి తీసిన వీడియో అది. నెట్‌లో లక్షల మంది చూశారు.

"తమ్ముడూ, ఇందులో నువ్వు గోల్ పడ్డప్పుడు ఎక్కడున్నావో చూపించు. కనీసం నువ్వు స్టాండులో ఉన్నావని రాస్తాను."

వీడియోలో లింబాద్రి వేరే మనిషి. మెడ నరాలు తేలేలా, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ వాయిస్తున్నాడు. చుట్టూ తెల్లవాళ్ళూ కూలీలూ భుజాల మీద చేతులు వేసుకుని ఎగురుతున్నారు. ఒక్కసారిగా స్టాండంతా అరిచింది. గోల్.

"గీడ ఉన్న మేడం," అన్నాడు లింబాద్రి. "గోలయితే సూడలే. నేను సూసేది కాపో చెయ్యినే. చెయ్యి లేస్తే కొట్టాలె, దిగితే ఆపాలె."

"జోయెల్ మాత్రం బాగా చూశాడులే. హెడ్డరట, గోల్‌కీపరు వేళ్ళకు తగిలిందట."

లింబాద్రి తల ఎత్తాడు. అతని మొహంలో అప్పటిదాకా లేనిది ఒకటి వచ్చింది, అయోమయం.

"జోయెల్ సార్ సూసిండా? ఆయనెట్ల సూస్తడు మేడం? ఆయన వీపు ఆటకు, మొకం మాకు. మొదటి దినం నేర్పిందే గది. బంతి దిక్కు మర్రి సూసినోడు కాపో కాదు అన్నడు. అమెరికాల ఆరేండ్లు నిలవడ్డ, ఒక్క గోలు సూడలే అని గొప్పగ చెప్పుకుంటడు. గోలయినంక మమ్ములనే అడుగుతడు, ఎవ్వడు కొట్టిండురా అని."

విన్సెంట్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"మరి నిన్న అడిగాడా?" అంది సుకుమారి.

"అడగలే. అప్పుడు ఆయన లేడు గదా."

"లేడా?"

"లేడు. అటీటు గోలుకు రెండు నిమిషాల ముందుగాల మైకు కమ్మికి తగిలిచ్చి, లింబాద్రీ, దరువు ఆపకు, ఇప్పుడే వస్త అని కిందికి దిగిండు. గా మూతలకెల్లే. పొగ తెస్త అన్నడు. నేను ఆపలే. ఆయన వచ్చేదాంక ఒక్కటే దరువు కొట్టిన."

"దిగినవాడు మళ్ళీ ఎప్పుడు వచ్చాడు?"

"గోలయినంక జరసేపటికి. ఉర్కుకుంట వచ్చిండు. వచ్చి మూతేసి దాని మీద నిలవడ్డడు. ఇంక గట్టిగ కొట్టు, ఇంక గట్టిగ అన్నడు." లింబాద్రి తన అరచేతులు చూసుకున్నాడు. "కొట్టిన."

"ఈ మాట నిన్నే ఎందుకు చెప్పలేదయ్యా?" విన్సెంట్ అరిచినంత పని చేశాడు.

"నువ్వెక్కడున్నవు అని అడిగిండ్రు సార్. కాపో ఏడున్నడని ఎవ్వలు అడగలే."

సుకుమారి వీడియో వెనక్కి జరిపి ఆపింది. గోల్ పడిన క్షణం. ఎగిరే చేతుల వెనక, తెర మూలన, కాపో వేదిక. రెయిలింగుకు వేలాడుతున్న మైకు. దాని వెనక ఎవరూ లేరు. లక్షల మంది చూసిన వీడియో అది, తను కూడా నాలుగుసార్లు చూసింది. అందరూ డప్పునే చూశారు.

జోయెల్ ఆ గోల్ చూసింది రాత్రి ఫోనులో. కంగారులో అదే తన సాక్ష్యం అనుకున్నాడు. పొగ డబ్బా కోసం దిగాడు, తను లోపలుండగానే పైన స్టేడియం దద్దరిల్లింది, ఆత్రంగా రింగు లాగాడు, చేతిలోది జారి గుడ్డలో పడింది. అంతవరకూ పొరపాటు. నిచ్చెన ఎక్కి గడియ వెయ్యడం పొరపాటు కాదు. దాన్ని కింద నుంచి చూసినవాడు ఒక్కడే ఉన్నాడు, నిసార్.

ఆమె ఆసుపత్రికి ఫోను కలిపింది. వార్డు నర్సు షెరిన్‌ది కృష్ణా జిల్లా, చర్చిలో పరిచయమే.

"ఇప్పుడే నేనే చేద్దామనుకున్నానక్కా," అంది షెరిన్. "మంచి వార్త. నిసార్ అరగంట క్రితం కళ్ళు తెరిచాడు. ట్యూబు తీసి పక్క గదికి మార్చారు. మాట్లాడాలని పెదవులు కదుపుతున్నాడు."

స్పీకరులో ఆ మాట వినగానే లింబాద్రి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, పసివాడిలా, బిగ్గరగా ఏడ్చేశాడు. "బతికిండక్కా," అన్నాడు. మేడం అనడం మరిచిపోయాడు. "నిసార్ భాయ్ బతికిండు. ఇప్పుడు సూడనిస్తరా?"

సుకుమారి అతని భుజం మీద చెయ్యి వేసింది. "షెరిన్, అతని దగ్గర ఎవరున్నారు?"

"వాళ్ళ ఆఫీసాయన వచ్చాడక్కా, పది నిమిషాలైంది. పాపం ఏడుస్తున్నాడు. కాసేపు కూర్చుంటానంటే సరేనని నేను టీకి వచ్చాను. మెడలో ఎర్ర స్కార్ఫు వేసుకున్నాడు, మ్యాచ్‌వాళ్ళది."

విన్సెంట్ కారు తాళాలు తీసుకుని అప్పటికే తలుపు దగ్గరికి వెళ్ళాడు. అతని మొహం సున్నం కొట్టినట్టుంది. ఆసుపత్రి అల్ ముంతజా అవతల, ఎంత తొక్కినా ఇరవై ఐదు నిమిషాలు.

"షెరిన్, పరిగెత్తు," అంది సుకుమారి. "ఎందుకని అడగకు. సెక్యూరిటీని కేకెయ్యి. ఆ గదిలోకి వెళ్ళు."

ఫోనులో టీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు, ఆ వెనక బూట్ల చప్పుడు, ఎవరో మధ్యలో పలకరిస్తే షెరిన్ జవాబు చెప్పకపోవడం. లింబాద్రి ఏడుపు ఆపాడు. అతనికి ఇంకా ఏమీ చెప్పలేదు, కాని ఆమె వేళ్ళు తన భుజంలో దిగబడటం తెలుస్తోంది. బూట్లు ఆగాయి. తలుపు మీద చేత్తో తట్టిన చప్పుడు, తరువాత పిడికిలితో బాదిన చప్పుడు.

"అక్కా," అంది షెరిన్ ఆయాసంతో. "తలుపు రావట్లేదు. లోపల ఏదో అడ్డం పెట్టాడు."